బండారి చల్లిన మట్టి

మట్టిని చేసి, చేసిన మట్టి బాగుందని తానే మెచ్చుకుని, అందులోంచి పిడికెడు తీసి మనిషిని చేసిన ప్రభువుకు స్తోత్రం. ఆ మనిషి అదే మట్టిని తగలబెడుతుంటే, పిండుతుంటే, దాని మీద పంచాయతీలు పెడుతుంటే ఇన్ని తరాలుగా ఓర్చుకుంటున్న ఆయన ఓర్పుకు మరీ మరీ స్తోత్రం. నాకైతే అంత ఓర్పు లేదు. నేనే ఆయన స్థానంలో ఉండి ఉంటే, ఇచ్చిన మట్టిని ఎప్పుడో వెనక్కి తీసుకుని, అందరినీ రాళ్ల మీద కూర్చోబెట్టేదాన్ని.

నా ఉద్యోగమంతా ఆర్మూర్‌లో మట్టి పరీక్షలు చేయడంలోనే గడిచింది. ల్యాబ్ పేరు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు రాయను. అందరూ బతికే ఉన్నారు, అందరి దగ్గరా నా ఫోన్ నంబర్ ఉంది. ఈ పనిలో కొత్తగా చేరిన తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఒక్క సంగతి మాత్రం చెబుతాను. మీకిప్పుడు మంచి యంత్రాలు వచ్చాయి. మట్టి పెడితే చాలు, అవే చెబుతాయట. చెప్పనివ్వండి. ఆ మట్టి యంత్రం దాకా ఎలా వచ్చిందో మాత్రం అది చెప్పదు. ఈ కథ దాని గురించే.

ముందు కాస్త చదువు, తప్పదు. మొక్క గాలిలోంచి కర్బనాన్ని పీల్చి ఆకుగా, వేరుగా మార్చుకుంటుంది. ఆ ఆకూ వేరూ మట్టిలో కలిస్తే అందులో కొంత కర్బనాన్ని మట్టి తనలో దాచుకుంటుంది. నల్లబడుతుంది, మెత్తబడుతుంది, నీళ్లు పట్టి ఉంచుతుంది. అదే ఆకును తగలబెడితే, పొలాన్ని అదే పనిగా దున్ని ఎండబెడితే, దాచుకున్నది మళ్లీ గాలిలోకి పోతుంది. అంటే ఒకే పొలం ఒకడి చేతిలో కర్బనాన్ని దాచే చోటు, ఇంకొకడి చేతిలో పొగగొట్టం. ఇంతే విషయం. దీన్ని చెప్పడానికే ఈ మధ్య టైలు కట్టుకున్నవాళ్లు కార్లలో వస్తున్నారు. ఒకసారి ఫంక్షన్ హాల్లో తెర కట్టి, "మీ పొలం ఆకాశాన్ని బాగుచేస్తుంది" అని గంటసేపు చెప్పారు. ముందు వరుసలోని ముసలాయన ఓపికగా విని లేచాడు.

"ఆకాశం సంగతి తర్వాత చూద్దాం సారూ. ముందుగాల నా మోటరు బాగుచేపియ్యి."

మా ల్యాబ్‌లో ఇద్దరమే ఉండేవాళ్లం. నేను, నా అసిస్టెంట్. నాకంటే రెండేళ్లు చిన్న. పని బాగా చేస్తాడు. నోరు మాత్రం కట్టని గొడ్డు, ఏ చేనులోనైనా పడుతుంది. నేను మా చర్చి సంఘపెద్ద బిడ్డను. అక్షరాలు దిద్దింది లేఖనాల మీద, లెక్కలు నేర్చింది కీర్తనల పుస్తకంలోని నంబర్ల మీద. అందుకే పని చేస్తూ పాడతాను. కర్బనం కొలిచే పని కూడా పాటకు అనువైనదే. మట్టిలో నారింజ రంగు మందు పోసి, ఆపైన ఆసిడ్ పోస్తాం. మట్టిలోని కర్బనం ఆ మందును తినేస్తుంది. తినగా మిగిలిన మందు ఎంతో ఇంకో ద్రావణం చుక్కచుక్కగా వేస్తూ కనిపెడతాం. రంగు చూపే మందు కలిపాక వచ్చిన నీలం కాస్తా చివరి చుక్కకు ఆకుపచ్చగా మారుతుంది. మట్టి మంచిదైతే మందు తక్కువ మిగులుతుంది, రంగు త్వరగా మారుతుంది. మావాడు గడియారం చూసేవాడు కాదు.

"మేడం, మీ పాట రెండో చరణానికి రంగు మారిందంటే మంచి మట్టి. ఆఖరు చరణం దాంక పోయిందంటే గా రైతుకు ఇగ దేవుడే దిక్కు" అనేవాడు.

ఇక కథ. బాల్కొండ వైపు ఒక ఊళ్లో అన్నదమ్ములు పొలం పంచుకున్నారు. ఒకప్పుడు ఒకే చెలక, మధ్యలో గట్టు వేశారు. తమ్ముడు గల్ఫ్ పోతూ తన సగాన్ని అదే ఊరి ఆమెకు కౌలుకిచ్చాడు. కాగితం లేదు, నోటి మాటే. "భూమిని మంచిగుంచినన్ని రోజులు నువ్వే చేస్కో" అన్నాడు. ఆమె చేసింది. పసుపు తవ్వే ముందు కోసిన ఆకును తగలబెట్టకుండా మళ్లీ పొలంలోనే పరిచింది. చెరువు మట్టి తోలించింది. ఎండాకాలం ఎరువు కోసం గొర్రెల మందను రాత్రిళ్లు పొలంలో నిలబెట్టించింది. గట్టు అవతల పెద్దన్న మాత్రం తీరిక లేని మనిషి. మక్క కట్టె అయినా, పసుపు ఆకు అయినా అగ్గిపుల్లతో తేల్చేసేవాడు. పొగ ఆమె వైపుకే వచ్చేది. ఆమె తిట్లు ఆయన వైపుకు పోయేవి. అన్ని ఊళ్లలాంటి ఊరే.

ఆ ఏడు తమ్ముడు గల్ఫ్ నుంచి ఇక పోనని వచ్చేశాడు. వచ్చినవాడికి భూమి కావాలి. కానీ ఆడిన మాట ఉంది, ఊరంతా విన్న మాట. దాన్ని దాటడానికి పెద్దన్న దారి చూపించాడు.

"మంచిగుంచితెనే గద కౌలు? నీ భూమిని పీల్చి పిప్పి చేసిందిరా. రసం అంత గుంజింది."

మాట ఊరి కమిటీ దాకా పోయింది. మా వైపు ఊరి కమిటీ అంటే చిన్న సంగతి కాదు. కమిటీ పొమ్మన్నదంటే ఆమెకు ఆ పొలమే కాదు, ఊళ్లో ఇంకెవరి పొలమూ దొరకదు. భూమిని పాడుచేసిందన్న పేరు పడ్డ మనిషికి కౌలు ఎవడిస్తాడు? ఆమెకు తెలిసిన పని అదొక్కటే. ఆమె ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. "మట్టిని పరీక్ష చేపియ్యుండ్రి" అంది. కమిటీ కూడా సరేనంది. గట్టుకు అటూ ఇటూ మట్టి తీయాలి. ఒకప్పుడు ఒకే చెలక కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది. ఆమె వైపు కర్బనం ఎక్కువుంటే కౌలు ఆమెదే, తక్కువుంటే ఆమె దిగిపోవాలి. విని నేను నోరెళ్లబెట్టాను. ఇంత శాస్త్రీయమైన తీర్మానం మా ఆఫీసు మీటింగుల్లో ఒక్కసారి కూడా వినలేదు.

కమిటీ పెద్దమనిషి స్వయంగా రెండు సంచులు మోసుకొచ్చాడు. తెల్ల గుడ్డ సంచులు. దారం చుట్టి, ముడి మీద ముడి వేసి, పెళ్లికూతురు సారెలాగా ముచ్చటగా ఉన్నాయి.

"మేమే తీసినం మేడం. ఎవ్వల్ని నమ్మలే" అన్నాడు గర్వంగా.

"మంచి పని చేసిండ్రు కాకా" అన్నాను. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మట్టి ఆరింది, జల్లెడ పట్టాం. మావాడు ఆసిడ్ పోశాడు. పోసీ పోయగానే నారింజ రంగు మందంతా ఆకుపచ్చగా మారిపోయింది. అంటే మందు మొత్తం తినేసి, ఇంకా ఆకలి తీరలేదన్నమాట. మావాడు సీసాను వెలుగుకు పట్టి చూశాడు.

"మేడం, ఇది చెలక మట్టినా, పెంట దిబ్బనా?"

తక్కువ మట్టితో మళ్లీ చేయమని చెప్పి, నేను వేరే పని మీద బయటికి పోయాను. తిరిగి వచ్చేసరికి పరీక్ష అయిపోయింది. దాంతోపాటు ఫోనూ అయిపోయింది. కమిటీ పెద్దమనిషి మావాడి భార్యకు మేనమామ వరుస. రెండు వైపులా మస్తు కర్బనం ఉందని, పెద్దన్న వైపు ఇంకా ఎక్కువుందని, నేను చూడకముందే, సంతకం పెట్టకముందే, చుట్టానికి శుభవార్త చేరిపోయింది.

"ఎందుకు చెప్పినవ్?" అన్నాను.

"అడిగిండు మేడం."

"అడిగితే చెప్తవా?"

"అడగకపోయినా చెప్పేటోన్నే" అన్నాడు నిజాయితీగా. తన స్వభావం గురించి అబద్ధమాడడు, అదొక్కటి మెచ్చుకోవాలి.

మర్నాడు పొద్దున్నే ఆమె ల్యాబ్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎండకు నల్లబడ్డ ముఖం, బిగించిన కొంగు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, నీ సీసల ఏం మాయ ఉన్నదో నాకెర్కలేదు. గని నా మట్టి నాకు తెల్వదా? ఏడాదికోసారి కాలవెట్టే భూమి నా భూమి కంటె మంచిదా? గట్లయితే రేపటి సంది ఇండ్లు కూడ కాలవెట్టుకుందం పా, మంచిగైతయి."

మావాడు గోడ వైపు తిరిగాడు. నాకు కోపం రాలేదు. ఆమె అన్నదే నేనూ రాత్రంతా అనుకున్నాను. ఆర్మూర్ చుట్టుపక్కల ఏ చెలకలోనూ అంత కర్బనం ఉండదు. అడవిలోనూ ఉండదు. మిగిలిన మట్టిని తెల్ల కాగితం మీద పోసి వేలితో రుద్దాను. వేలికి అంటింది చూస్తే పసుపుపచ్చ.

మీరు అడగొచ్చు, వాసన రాలేదా అని. పిల్లలూ, అది ఎండాకాలం, మార్కెట్ యార్డు నిండా పసుపు కుప్పలు. ఆ రోజుల్లో మా ఊళ్లో గాలి పసుపు, చాయ్ పసుపు, బస్సు టికెట్టు పసుపు. పసుపు వాసన రాలేదంటే మాకు జలుబు చేసిందని అర్థం. వచ్చిందంటే ఏమీ అర్థం కాదు.

"చెల్లె, సంచులు ఎక్కడ కట్టిండ్రు?" అని అడిగాను.

"పోచమ్మ గుడి కాడ. ఎవ్వలు మోసం చెయ్యద్దని అమ్మవారి ముందల వెట్టి, మూతి ఇప్పి, బండారి చల్లి కట్టిండ్రు."

బండారి అంటే దేవతకు చల్లే పసుపు పొడి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను.

"రెండిట్ల చల్లిండ్రా?"

"రెండిట్ల చల్లిండ్రు. పెద్దన్న దాంట్ల జర ఎక్కువనే చల్లిండ్రు. ఆయన మీదనే గద అనుమానం ఎక్కువ."

కుర్చీలో కూలబడి నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పసుపు కూడా చెట్టు నుంచి వచ్చిందే కదా, అదీ కర్బనమే. చెంచాడు మట్టిలో చిటికెడు పడితే చాలు, బీడు భూమి కూడా మాగాణిలా పలుకుతుంది. ఎవరిని ఎక్కువ అనుమానించారో వాళ్ల మట్టికి ఎక్కువ మార్కులు పడ్డాయి. ఇంత న్యాయంగా అన్యాయం జరగడం నేనెప్పుడూ చూడలేదు.

నవ్వు అయ్యాక భయం మొదలైంది. ఈ సంగతి ఊళ్లో చెప్పాలి. మావాడే ముందు అన్నాడు.

"మీరు చెప్పకుండ్రి మేడం. చర్చి మేడం అమ్మవారి బండారికి వంక వెట్టిందంటరు. నేను చెప్త."

"నువ్వు చెప్పిన మాట ఒకటి ఇప్పటికే ఊర్ల తిరుగుతుంది. అది అలిసిపోయినంక ఇంకోటి చెప్పు" అన్నాను.

కమిటీ భవనంలో అందరూ కూర్చున్నారు. పెద్దన్న, తమ్ముడు ముందు వరుసలో. ఆమె గుమ్మం దగ్గర నిలబడింది. నేను రెండు సంచుల మట్టినీ విడివిడి గ్లాసుల్లో కొద్దిగా స్పిరిటుతో కలిపి, తేరిన నీళ్లను వడపోత కాగితాల మీద చుక్కలుగా వేశాను. పసుపు మరకలు పడ్డాయి. తర్వాత కమిటీ పెద్దమనిషి వైపు చెయ్యి చాపాను.

"కాకా, నీ సున్నం డబ్బీ ఇయ్యి."

ఆయన పాన్ నములుతూనే జేబులోంచి తీసిచ్చాడు. మరకల మీద సున్నం రాశాను. ఎర్రబడ్డాయి. పెద్దన్న మట్టిది ఇంకా ఎర్రగా తేలింది. పసుపులో సున్నం పడితే ఏమవుతుందో చెప్పాల్సిన పని ఆ గదిలో ఎవరికీ లేదు.

"అరే, దిష్టి తీసిన నీళ్ల లెక్క అయింది గదా!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. వెనక నుంచి ఒక గొంతు మాత్రం నవ్వలేదు.

"అంటే ఏంది మేడం? అమ్మవారి బండారి తప్పంటవా?"

గది చల్లబడింది. మావాడు నా వెనక దగ్గడం మొదలుపెట్టాడు. భయమేసినప్పుడు అతనికి దగ్గు వస్తుంది.

"బండారి తప్పు గాదన్నా. దాని పని అది చేసింది. ఎవ్వలు మోసం చెయ్యలే, చూసినవా? గని నా సీసకు భక్తి తెల్వది. పసుపు, పెంట, గడ్డి అన్ని దానికి ఒక్క తీరే. ఏది వేస్తే అది తింటది. మల్ల తియ్యుండ్రి, ఈసారి మట్టిల ఏం కలపకుండ్రి."

"బండారి లేకుంటే ఎవ్వలు నమ్ముతరు?" అన్నాడు పెద్దమనిషి. "రేపు నువ్వే మార్చినవంటరు. కౌలామె మార్చిందంటరు. గిప్పుడు నమ్మకం యాడికెళ్లి తేవాలె?"

ఆయన మాటలో తప్పేం లేదు. నా దగ్గర ఆసిడ్ ఉంది, మందు ఉంది, తూకం ఉంది. ఆ ఊరు నమ్మే వస్తువు మాత్రం ఒక్కటి కూడా లేదు. గుమ్మం దగ్గర ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. బండారి వేస్తే పరీక్ష పోతుంది, వేయకపోతే నమ్మకం పోతుంది. ఎటు పోయినా పోయేది ఆమె పొలమే.

ఆలోచించి అన్న మాట కాదు. నోట్లోంచి అదే వచ్చింది.

"కాకా, మోసం చేసేది మట్టి గాదు గద, మనుషులం గద? మనుషుల మీద చల్లు. ముందుగాల నా మీద."

పెద్దమనిషి నమలడం ఆపేశాడు.

"నీ మీదనా? మీరు చర్చోళ్లు గద మేడం."

"అయితే ఏంది? చర్చోళ్లం మోసం చెయ్యమని గ్యారంటీ ఇచ్చినమా?"

గది మళ్లీ నవ్వింది. ఈసారి వెనక గొంతు కూడా నవ్వింది.

నా నుదుటి మీద చిటికెడు పడుతుందనుకున్నాను. అది పసుపు పండించే ఊరని మరిచిపోయాను. పొలం గట్టు మీదికి తాంబాలం నిండా తెచ్చారు. నెత్తి మీద, భుజాల మీద, కళ్లద్దాల మీద, చెప్పుల్లోకి కూడా. అప్పుడే తవ్వి తీసిన పసుపు కొమ్ములా నిలబడ్డాను. తర్వాత తమ్ముడి మీద, పెద్దన్న మీద, ఆమె మీద చల్లారు. చల్లేటప్పుడు ఒక్కొక్కరితో మాట చెప్పించారు. నేను ఉన్నది ఉన్నట్టు చెబుతానన్నాను. ఆమె, మట్టి తక్కువుంటే మారు మాట్లాడక దిగిపోతానంది. తమ్ముడు గల్ఫ్ నుంచి తెచ్చుకున్న కొత్త చొక్కాను దులుపుకుంటూ, "మంచిగుంటే కౌలు ఆమెదే" అన్నాడు, కాస్త గొణుగుడుగా. గట్టిగా చెప్పమన్నారు. గట్టిగా చెప్పాడు.

అప్పుడు తట్టింది నాకు, పసుపులో మునిగిన మనిషిని నేను ఇక ఆ మట్టి దరిదాపుల్లోకి కూడా పోకూడదని. దులిపితే మళ్లీ మొదటికి వస్తుంది. మా నలుగురినీ గాలి పోయే వైపున, దూరంగా గట్టు మీద నిలబెట్టారు. మరి మట్టి తీసేదెవరు? కమిటీ. తెల్ల చొక్కాలు, తెల్ల లుంగీలు, సబ్బుతో కడిగిన చేతులు. నేను గట్టు మీంచి సండే స్కూల్ టీచర్‌లా అరుస్తూనే ఉన్నాను.

"పైన చెత్త తీసెయ్ కాకా! గుంట వంకరగ కాదు, నిలువుగ! అంచు మీదికెళ్లి పలుచగ గీకు! గట్టు కాడ వద్దు, లోపటికి పో!"

"మా అమ్మ కూడ ఇంత ఒర్రలే నన్ను" అన్నాడు పెద్దమనిషి చెమట తుడుచుకుంటూ.

ఆమె వైపు పార పిడి దాకా దిగింది. లేపితే నల్లటి మట్టి పిట్టుపిట్టుగా విడిపోయింది, వానపాములు బయటపడ్డాయి. పెద్దమనిషి ఒకదాన్ని తీసి పక్కన మట్టి కప్పి పెట్టాడు. పెద్దన్న వైపు దిగి పార వేస్తే ఠంగుమంది. గడ్డపార కోసం మనిషిని పంపాల్సి వచ్చింది.

"అన్నా, గిది చెలకనా, రోడ్డా?" అని అరిచాడు పెద్దమనిషి.

"నీళ్లు వెట్టక గట్లున్నది!" అన్నాడు గట్టు మీంచి పెద్దన్న, పసుపు రంగులో.

"ఆమె వెట్టిందా?"

పెద్దన్న మొహం తిప్పుకున్నాడు. ఆమె పసుపు నిండిన ముఖంతో నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నా పింఛను కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది.

మట్టి సంచులు మావాడు పట్టుకున్నాడు. నేను బస్సులో అందరికీ దూరంగా కూర్చున్నాను. కండక్టరు అడిగాడు.

"జాతరకు పోయొస్తున్నవా అమ్మా?"

"అవును బిడ్డా" అన్నాను. అబద్ధం కాదనే ఇప్పటికీ నా నమ్మకం.

పసుపు స్వభావం మీకు తెలుసు, కడిగితే పోదు. ఆదివారం నాటికీ నా పాపిట పచ్చగానే ఉంది. ఆరాధనలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నారు, నా పాపిట చూసినవాళ్లు తప్ప. బయటికి వచ్చాక పాస్టర్ గారు పక్కకు పిలిచారు.

"సిస్టర్, తల మీద అది..."

జరిగింది చెప్పాను. ఆయన ముఖం గంభీరమైంది. చెట్టు నీడలో ఇంకో నలుగురు చెవులు నిక్కించారు.

"నేనెవరికీ మొక్కలేదు పాస్టర్ గారూ. వాళ్లు దేని ముందు అబద్ధమాడరో, దాని కింద నిలబడి నిజం చెబుతానన్నాను. అంతే. లేఖనాల్లో ఒక సేనాధిపతి ఉన్నాడు కదా, కుష్ఠు బాగయ్యాక ప్రవక్తను రెండు కంచరగాడిదల మోత మట్టి అడిగినవాడు? తన రాజుకు చెయ్యి ఆసరా ఇచ్చి వేరే గుళ్లో తల వంచాల్సి వస్తే క్షమించమని కూడా ముందే అడిగాడు. ప్రవక్త తిట్టలేదు, నిశ్చింతగా వెళ్లమన్నాడు. మట్టి కోసం తిప్పలు పడ్డవాళ్లలో నేను మొదటిదాన్ని కాదు."

ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నారు. నాకు మెల్లగా ధైర్యం పెరిగింది.

"అదీగాక, పోయిన సంఘ విందులో మీరు మూడుసార్లు వడ్డించుకున్న అంకాపూర్ కోడికూరలో పసుపు ఏ ఊరిదో ఎవరూ అడగలేదు."

ముందు నవ్వింది ఆయనే. తర్వాత అన్న మాట మాత్రం నేననుకున్నది కాదు. "ఆ అమ్మ పొలం కోసం అందరం ప్రార్థన చేద్దాం, రండి" అన్నారు. నా పాపిట చూడ్డానికి ఆగినవాళ్లంతా కళ్లు మూసుకోక తప్పలేదు.

పరీక్ష రోజు మావాడి ఫోన్ తీసుకుని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. పాట ఎత్తుకున్నాను. ఆమె మట్టి రెండో చరణం మధ్యలోనే ఆకుపచ్చగా తిరిగింది. పెద్దన్న మట్టికి ఆ పాట మొత్తం అయిపోయింది, ఇంకో పాట ఎత్తుకోవాల్సి వచ్చింది. అనుమానం తీరక మళ్లీ చేశాం. అదే వరస.

"ఇగ ఫోనియ్యుండ్రి మేడం" అన్నాడు మావాడు.

"ఇప్పుడు కాదు. సంతకం నాది, నోరు కూడ ఈ ఒక్కసారి నాదే."

ఊళ్లో ఫలితం చెప్పాను. ఆమె భూమి, కౌలుకు తీసుకున్నప్పటికంటే ఎక్కువ కర్బనం దాచుకుందనే నా నమ్మకం, గట్టు అవతలి భూమి ఉన్నది పోగొట్టుకుందనే నా అనుమానం అని, మట్టి ఎంతవరకు చెప్పిందో అంతవరకే చెప్పాను. కమిటీ వాళ్లు ఆశ్చర్యపోలేదు. గడ్డపార వాళ్లకు ముందే చెప్పింది. కథ ఇక్కడితో అయిపోయిందని నేను సంచి సర్దుకుంటున్నాను. తమ్ముడు లేచాడు.

"గంత మంచిగున్నదంటే ఇంకేంది? నేనే చేస్కుంట. నా భూమే గద."

పెద్దన్న వెంటనే అందుకున్నాడు. "న్యాయమే గద. మంచి భూమి ఉన్నోనికి కౌలుకిచ్చే గతి ఏంది?"

కమిటీలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్నదమ్ములు వాళ్లకు చుట్టాలు. రేపు ఇంటికి పోయి ఎదురు పడాలి. కర్బనం ఎంతుందో చెప్పే మందు నా దగ్గరుంది. దానికి తగిన న్యాయం చెప్పే మందు ఏ ల్యాబ్‌లోనూ లేదు. అన్ని రోజుల పనీ తిరిగి ఆమె మెడకే చుట్టుకుందనిపించింది.

ఆమె గుమ్మం వదిలి గది మధ్యకు వచ్చింది.

"భూమి పాడైతే పొమ్మంటిరి. మంచిగైతే పొమ్మనవడ్తిరి. మరి ఉండుమనేది ఎప్పుడు బాపూ?"

పెద్దమనిషి పాన్ ఉమ్మి వచ్చి కూర్చుని, నా తల వైపు చూశాడు. పాపిటలో ఇంకా కొంచెం పచ్చదనం ఉంది. తర్వాత తమ్ముడి చొక్కా వైపు చూశాడు. అదే గల్ఫ్ చొక్కా. ఉతికినా భుజాల మీద మరక అలాగే ఉంది.

"బండారి నీ మీద వడ్డది గదరా" అన్నాడు మెల్లగా. "గట్టు మీద నిలవడి మంచిగుంటే కౌలు ఆమెదే అన్నవు. రెండుసార్లు అన్నవు. చర్చి మేడం, ఆమె దేవుడు వేరే, ఆమె మీద చల్లితెనే మాట తప్పకుండ ఉన్నది ఉన్నట్టు తెచ్చి చెప్పింది. నువ్వు ఈ ఊర్ల పుట్టినోనివి. నువ్వు తప్పుతవా?"

తమ్ముడు చొక్కా వైపు చూసుకున్నాడు. అన్న వైపు చూశాడు. అన్న కిటికీలోంచి బయట ఏదో ముఖ్యమైనది చూస్తున్నాడు.

"సరే తియ్యి కాకా. ఆమెనే చేస్కోని" అన్నాడు చివరికి, పన్ను పీకించుకున్నవాడిలా.

ఆమె దండం పెట్టలేదు. కొంగు సర్దుకుని పెద్దన్న వైపు తిరిగింది.

"పెద్దన్నా, నీ దిక్కు కూడ కౌలుకియ్యరాదు? అది కూడ మంచిగ చేస్త."

ఆ రోజు ఆ భవనం పైకప్పు ఎలా నిలిచిందో ప్రభువుకే తెలుసు. అంత నవ్వారు.

పిల్లలూ, మట్టిలో పడ్డ పసుపు అబద్ధం చెప్పింది. మనుషుల మీద పడ్డ పసుపు నిజం చెప్పించింది. రెండూ ఒకే తాంబాలంలోవి. ఇంతకంటే పెద్ద పాఠం నా దగ్గర లేదు. ఏది ఎక్కడ చల్లాలో తెలియడమే సగం ఉద్యోగం. మావాడు ఈ కథను తానే నడిపించినట్టు ఇప్పటికీ చెబుతుంటాడు, నేను కాదనను. ఆమె ఇప్పటికీ అదే పొలం చేస్తోంది. ఎండాకాలం వచ్చిందంటే ఫోన్ చేసి, మంద దిగిందని చెబుతుంది. పెద్దన్న మారాడని రాస్తే మీరు సంతోషిస్తారు. మారలేదు. కానీ మొన్న ఆమె పొలంలోంచి మంద లేస్తుంటే, కాపరిని గట్టు చాటుకు పిలిచి, పోయే దారిలో ఒక్క రాత్రి తన వైపు కూడా ఆపమని అడిగాడట, ఎవరూ చూడకుండా. కాపరి నోరు కూడా మావాడి నోరులాంటిదే కాబట్టి నాకు తెలిసింది.

ఇక్కడిదాకా చదివారు కదా, ఇంకొక్క నిమిషం నాకివ్వండి. మీరు ఎవరికి మొక్కేవాళ్లయినా సరే, నాతో పాటు కళ్లు మూసుకోండి.

ప్రభువా, మట్టిని మట్టిలా ఉంచేవాళ్ల చేతులకు బలమివ్వు. వాళ్లు బాగుచేసిన భూమిలోంచి వాళ్లను పొమ్మనే నోళ్లకు సరిగ్గా ఆ సమయానికే దగ్గు రప్పించు. మాట ఇచ్చినవాడి చొక్కా మీద మరక పోనియ్యకు. గట్టు అవతలి పెద్దన్నకు మనసు మార్చు. అది ఆలస్యమయ్యేటట్టుంటే, ఈలోగా ఆయన అగ్గిపెట్టెనైనా తడిపెయ్యి. ఆమేన్.